పేరు లేని బిట్టు

"వదినా, నువ్వెందుకొచ్చావో నాకు తెలుసు. వచ్చిన దారినే వెళ్ళిపో."

ఇన్‌స్పెక్టరు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఈ మాటన్నాడు. నసమ్మ ఆగలేదు. మరిది చంక కింద నుంచి దూరి కంట్రోలు గదిలోకి వెళ్ళి, ఉన్న ఒక్క కుర్చీలో కూలబడి, బ్యాగులోంచి సీసా తీసి గడగడా నీళ్ళు తాగింది.

నసమ్మ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిములు విచారించే రోజుల్లో, అడిగిందే అడిగి ప్రాణం తీస్తుందని జనం పెట్టింది. ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచాక బోర్డు మీద అదే రాయించుకుంది. ఉచితంగా వచ్చిన ప్రచారాన్ని ఎవరైనా వదులుకుంటారా?

"ఇందులో నీకు దొరికేదేమీ లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "హత్య లేదు, హంతకుడు లేడు. ప్రోగ్రాం తప్పుగా రాశారు, ఒక మనిషి పోయాడు. రాసింది ఆ పిల్ల. సాయంత్రం లోపు అరెస్టు చేస్తున్నాను. పై నుంచి రెండు సార్లు ఫోనొచ్చింది."

"సాయంత్రానికి ఇంకా చాలా టైముంది మరిదిగారూ. ఈలోపు నాలుగు ప్రశ్నలు అడిగితే మీ టోపీ కిందపడిపోదు."

"నీ నాలుగు ప్రశ్నలు నలభై అవుతాయి. పెళ్ళిలో మా అన్నయ్యని అడిగావుగా, చూశాను."

కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు. నసమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె చూపు మూలన బోర్లించిన పళ్ళ పెట్టె మీద కూర్చున్న అమ్మాయి మీద ఉంది. పాతికేళ్ళు కూడా ఉండవు. మూడు రోజులుగా నిద్ర లేక కళ్ళు గుంటలు పడ్డాయి. ఏడవడం కూడా మానేసి, ఒళ్ళో చేతులు పెట్టుకుని నేల చూస్తోంది. ఈ పిల్ల గనక దోషి అయితే తన ఇరవై ఏళ్ళ అనుభవం గంగలో కలిసినట్టే అనిపించింది నసమ్మకి. అయినా అనిపించడం వేరు, రుజువు చేయడం వేరు.

జరిగింది ఇది. ఇది పళ్ళు నిల్వచేసే కోల్డ్ స్టోరేజీ. గాలి చొరబడని గదులు ఇరవై. పళ్ళు నింపాక తలుపు బిగించి లోపలికి నైట్రోజన్ వదులుతారు. ఆక్సిజన్ పోతే పళ్ళు నెలల తరబడి పండకుండా ఉంటాయి. మనిషి మాత్రం నిమిషాల్లో పోతాడు. వాసన ఉండదు, దగ్గు రాదు, తల తిరిగిందని తెలిసేలోపే కుప్పకూలుతాడు. మూడు రోజుల కిందట ఆపరేటరు కొత్తగా కట్టిన పద్దెనిమిదో గదికి గ్యాసు వదలమని మీట నొక్కాడు. ప్యానెల్ మీద పద్దెనిమిది అనే కనిపించింది. గ్యాసు మాత్రం రెండో గదిలోకి వెళ్ళింది. ఖాళీగా ఉన్న ఆ గదిలో తలుపు రబ్బరు సరిచూస్తున్న సూపర్‌వైజరు ప్రాణం పోయింది.

ప్యానెల్ లోపలి చిప్పుకి ప్రోగ్రాం రాసింది ఈ అమ్మాయే. కంట్రోలు ప్యానెళ్ళు తయారుచేసే ఒక చిన్న షాపులో పని. షాపు ఓనరునే అందరూ మాస్టారంటారు. తల్లీతండ్రీ లేని ఈ పిల్లని పదిహేనో ఏట చేరదీసి, పని నేర్పి, కూతురిలా పెంచింది ఆయనే. మెమరీ వాడటంలో దీని పీనాసితనం చూసి 'పిసినారి' అని ముద్దుపేరు పెట్టింది కూడా ఆయనే. నిన్న నసమ్మ ఆఫీసుకి వచ్చి చేతులు పట్టుకున్నదీ ఆయనే.

"పిల్ల పొరపాటు చేసిందమ్మా, పాపం చేయలేదు. అది పొరపాటేనని మీరు తేల్చండి చాలు. శిక్ష తగ్గుతుంది," అన్నాడాయన, కళ్ళ నీళ్ళతో.

రాత్రంతా ఆ మాట నసమ్మని గుచ్చుతూనే ఉంది. ఎంతమంది తండ్రుల్ని, బాబాయిల్ని, మేనమామల్ని చూసిందో! మా పిల్లకి ఏ పాపం తెలియదని గుండెలు బాదుకునేవాళ్ళే అందరూ. తన పిల్ల తప్పు చేసిందని ఇంత గట్టిగా వాదించిన పెద్దమనిషి ఈయనొక్కడే.

"పొద్దున్న సూపర్‌వైజరు భార్యని చూసొచ్చాను," అంది నసమ్మ. "వచ్చేవారం ఏదో నాసిరకం సామాను కేసు విచారణలో ఆయన సాక్ష్యం చెప్పాలట. ఆ బెంగతో సరిగ్గా తినడమే మానేశాడట. ఆ సంగతి నీకు తెలుసా?"

"దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

"నాకూ తెలీదు. అందుకే అడుగుతున్నా." ఆమె ఆపరేటరు వైపు తిరిగింది. "ఇలా రా నాయనా."

ఆపరేటరు బక్కపల్చటి మనిషి. మీట నొక్కిన వేలిని రెండో చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, అది తనది కాదన్నట్టు.

"ఆ రోజు పద్దెనిమిది నొక్కమని ఎవరు చెప్పారు?"

"ముందు రోజే అనుకున్నాం అమ్మా. పళ్ళు నింపడం అయిపోయింది. కాకపోతే సూపర్‌వైజరు గారు దగ్గరుంటే బాగుంటుందని ఆగాను. అంతలో షాపు నుంచి మాస్టారు ఫోన్ చేశారు. ఆయనెక్కడ అని అడిగారు. రెండో గదిలో తలుపు చూసుకుంటున్నారని చెప్పాను. అయితే ఆయన కోసం ఆగక్కర్లేదు, మొదలుపెట్టేయ్ అన్నారు."

"మిషను అమ్మినవాడు మొదటిసారి నడుస్తుంటే ఫోన్ చేయడా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ప్రతిదాన్నీ అనుమానిస్తే ఎలా వదినా?"

"ఊరికే విన్నాను. అనుమానించానని ఎవరన్నారు?" నసమ్మ మళ్ళీ ఆపరేటరుకేసి చూసింది. "రబ్బరు చూడాలంటే తలుపు ఎందుకు మూసుకుంటారు?"

"లోపల లైటు ఆర్పేసి చీకట్లో నిలబడాలమ్మా. రబ్బరు చిరిగిన చోట బయటి వెలుతురు గీతలా కనిపిస్తుంది. ఎక్కడైనా అలాగే చూస్తారు."

"సరే. గదిలోకి వెళ్ళేవాడు ముందు ఏం చేస్తాడు?"

"లైటు వేసుకుంటాడు."

"అది కాదు. గదిలోకి వెళ్ళేవాడు ముందు ఏం చేస్తాడు?"

"టార్చి వెలుగుతోందో లేదో చూసుకుంటాడు."

ఇన్‌స్పెక్టరు నిట్టూర్చాడు. కానిస్టేబుల్ గోడకి చేరగిలబడ్డాడు. నసమ్మ ఇంకా మెత్తగా అడిగింది.

"లైటయింది, టార్చి అయింది. ఇంకా ఏం చేస్తాడు నాయనా?"

"ఇంకేముందమ్మా... ఆఁ, తలుపు పక్కన చిన్న స్విచ్చు కిందికి నొక్కుతాడు. అది లైటుది కాదు. లోపల మనిషున్నాడని ప్యానెలుకి చెప్పే స్విచ్చు. అది నొక్కి ఉంటే ఇక్కడ నేను ఏం నొక్కినా ఆ గదికి గ్యాసు పోదు."

ఇన్‌స్పెక్టరు ముఖం ఎర్రబడింది.

"ఇన్ని సార్లు అడిగాను. నాకెందుకు చెప్పలేదురా?"

"మీరు ప్రోగ్రాం గురించి అడిగారు సార్. స్విచ్చు గురించి అడగలేదు."

నసమ్మ లేచి వెళ్ళి పళ్ళ పెట్టె పక్కన నేల మీద చతికిలబడింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి.

"ఏమ్మా పిసినారీ. నాకు కంప్యూటరు ఆన్ చేయడమే రాదు. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పు. నువ్వేం చేశావు?"

ఆ అమ్మాయి తలెత్తింది. పని గురించి అడిగేసరికి గొంతులోకి కొంచెం ప్రాణమొచ్చింది.

"ఆ చిప్పు చాలా చిన్నదండీ. మెమరీ పిడికెడు. పాత ప్రోగ్రాంలో ఒక్కో రికార్డులో ఐదు సంగతులు ఉండేవి. గది నంబరు, చలి ఎంత, గ్యాసు వాల్వు తెరిచుందా, తలుపు మూసుందా, ఫ్యాను ఏ స్పీడులో ఉంది. ఒక్కోదానికి ఒక్కో పెద్ద పెట్టె ఇచ్చారు. తలుపు మూసుందా లేదా అని చెప్పడానికి అంత పెట్టె ఎందుకండీ? అవును, కాదు, అంతేగా. ఒక్క బిట్టు చాలు. బిట్టంటే ఒక స్విచ్చు లాంటిది."

"చేతిరుమాలు పెట్టుకోవడానికి సూట్‌కేసు తీసినట్టు."

"సరిగ్గా అదే. గదులు పన్నెండున్నప్పుడు సరిపోయింది. ఇరవై అయ్యేసరికి మెమరీ చాల్లేదు. పెద్ద చిప్పు వేద్దామంటే ప్యానెలంతా మార్చాలి. నేను ఐదు సూట్‌కేసులూ తీసేసి అన్నిటినీ పదహారు బిట్లలో సర్దాను. సీ అనే ప్రోగ్రాం భాషలో దీన్ని బిట్ ఫీల్డ్ అంటారు. దేనికెన్ని బిట్లు కావాలో అన్నే ఇస్తాం. చలికి ఆరు, వాల్వుకి ఒకటి, తలుపుకి ఒకటి, ఫ్యానుకి రెండు."

"గది నంబరుకి?"

"ఐదు."

"నాలుగు," అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఫైల్లోంచి కాగితం తీసి ఊపుతూ. "షాపు కంప్యూటర్లో ఉన్న కాపీ. మాస్టారే ఇచ్చారు. ఇందులో గదికి నాలుగే ఉన్నాయి. గోడ మీది ప్యానెల్లో ఉన్న చిప్పూ అలాగే పనిచేస్తోంది. ఈవిడ పెన్‌డ్రైవులో మాత్రం ఐదుంది. మనిషి పోయాక దిద్దుకుని ఉంటుంది."

"నేను దిద్దలేదు సార్!"

"ఉండండి, ఉండండి. నాలుగైతే కొంప ఎలా మునుగుతుంది?" అంది నసమ్మ.

"నాలుగు బిట్లతో సున్నా నుంచి పదిహేను దాకే లెక్కండీ. పదహారొస్తే పై బిట్టుకి చోటుండదు. అది జారిపోయి మిగతాదే మిగులుతుంది. పదహారు సున్నా అయిపోతుంది. పదిహేడు ఒకటవుతుంది. పద్దెనిమిది రెండవుతుంది. ప్యానెల్ మీద మాత్రం నొక్కిన అంకె నొక్కినట్టే కనిపిస్తుంది."

"ఇరవై గదులున్నాయని తెలిసీ నాలుగిచ్చావా?"

"నేను ఇవ్వలేదండీ! ఇరవై గదులూ పరీక్ష చేశాం. గ్యాసు కట్టేసి నేనిక్కడ అంకె నొక్కాను. సూపర్‌వైజరు గారు ఒక్కో వాల్వు కింద నిలబడి టక్‌మన్నప్పుడల్లా కేకేశారు. పద్దెనిమిది కూడా సరిగ్గానే పలికింది."

"సాక్షి ఎవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఉన్న ఒక్క సాక్షీ చచ్చిపోయాడని ఆ గదిలో అందరికీ తెలుసు.

"మరి ఆ స్విచ్చు?" అంది నసమ్మ.

"ఆ రోజే ఆయన అడిగారు. 'అమ్మాయ్, ఇంత పొదుపు చేశావుగా, మాకేమైనా మిగిల్చావా' అని. ఐదూ ఆరూ ఒకటీ ఒకటీ రెండూ, మొత్తం పదిహేను. ఒక బిట్టు మిగిలింది. దాన్ని లోపల మనిషున్నాడా అనేదానికి ఇచ్చాను. ఆయనే తీగ లాగి గది గదికీ స్విచ్చు పెట్టించారు. ఇక్కడే కూర్చుని ప్రోగ్రాం మార్చి, కొత్త చిప్పులు రెండు చేశాను. ఒకటి గోడకి, ఒకటి స్పేరు."

"షాపులో చెప్పావా?"

"చెబుదామనే అనుకున్నా. మర్నాడు వెళ్ళేసరికి, బాగా అలిసిపోయావు, రెండు రోజులు ఇంటి దగ్గరుండు అన్నారు మాస్టారు. నా కాపీ పెన్‌డ్రైవులోనే ఉండిపోయింది."

నసమ్మ లేచింది. "మరిదిగారూ, రెండో గది చూపిస్తారా?"

"చూడ్డానికేముంది అక్కడ? ఖాళీ గది."

"ఖాళీ గదే అయితే సీలెందుకు వేశావు?"

ఇన్‌స్పెక్టరు పళ్ళు కొరుకుతూ ముందు నడిచాడు. రెండో గది తక్కిన వాటికన్నా చిన్నది. గ్యాసు పైపు మూతి సరిగ్గా తలుపు పక్కనే ఉంది. లోపల అడుగు పెట్టగానే చల్లదనం ఎముకలకి పట్టింది. ఫ్యాను హోరులో పక్క మనిషి మాట సగమే వినిపిస్తోంది. గ్యాసు బుస వినిపించకపోవడంలో వింతేమీ లేదు. నేల మీద, మనిషి పడిన చోట, సుద్దతో గీసిన గీత ఉంది. నసమ్మ దాని దగ్గర ఒక్క క్షణం ఆగి, మనసులోనే ఓ దండం పెట్టుకుంది. తర్వాత తలుపు పక్క గోడకేసి చూసింది.

స్విచ్చులు రెండున్నాయి. ఒకటి పాతది, లైటుది. రెండోది కొత్తది. దాని పక్కన మార్కరుతో 'మనిషి' అని వంకరటింకరగా రాసుంది. ఆ స్విచ్చు కిందికి నొక్కి ఉంది.

"సీలు వేశాక ఈ గదిలోకి ఎవరైనా వచ్చారా?"

"రాలేదు. తాళం నా దగ్గరే ఉంది." ఇన్‌స్పెక్టరు గొంతులో మునుపటి బిగువు లేదు. "మేం అదీ లైటుదే అనుకున్నాం."

"ఆయన పద్ధతిగా నొక్కుకున్నాకే తలుపు మూసుకున్నాడన్నమాట. నొక్కినా గ్యాసొచ్చింది. అమ్మాయ్, నువ్వు పెట్టిన చిప్పయితే ఏమవ్వాలి?"

"రాకూడదండీ." అమ్మాయి ఆ స్విచ్చునే చూస్తోంది. "పద్దెనిమిది నొక్కినా, రెండు నొక్కినా, రాకూడదు."

"అయితే గోడకున్నది నీ చిప్పు కాదు."

"చెప్పడం తేలికే," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఆవిడ చిప్పులో అసలు ఆ స్విచ్చు సంగతి ఉందని ఏంటి నమ్మకం?"

నమ్మకం స్టోరు బీరువాలో ఉంది. ఆపరేటరు తాళం తీసి చిన్న డబ్బా తెచ్చాడు. డబ్బా చుట్టూ టేపు. టేపు మీదా డబ్బా మీదా కలిసేలా సూపర్‌వైజరు సంతకం, పరీక్ష జరిగిన నాటి తేదీ. ఇన్‌స్పెక్టరు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూశాడు. టేపు ఎక్కడా లేవలేదు, సంతకం ఎక్కడా తెగలేదు. ఫైల్లో ఉన్న ఆయన సంతకంతో పోల్చాడు. తనే బ్లేడుతో టేపు కోశాడు. ఆ మాత్రం నిజాయితీ మరిదిలో ఉందని నసమ్మకి ఎప్పటినుంచో తెలుసు. లేనిదల్లా ఓపికే.

ముందు గ్యాసు అసలు పైపు కట్టేశారు. గోడకున్న చిప్పుతోనే ఆపరేటరు పద్దెనిమిది నొక్కాడు. రెండో గది దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్ కేకేశాడు: "ఇక్కడ టక్‌మంది సార్!" స్విచ్చు నొక్కి ఉన్నా వాల్వు తెరుచుకుంది. తర్వాత అమ్మాయిని దూరంగా నిలబెట్టి, ఆమె చెబుతుంటే ఇన్‌స్పెక్టరే చిప్పు మార్చాడు. మళ్ళీ పద్దెనిమిది నొక్కారు. రెండో గది నిశ్శబ్దంగా ఉంది. దూరంగా పద్దెనిమిదో గది వాల్వు టక్‌మంది. ఆపరేటరు రెండు నొక్కాడు. ఏ వాల్వూ కదల్లేదు. ప్యానెల్ మీద ఎర్ర లైటు వెలిగి, బజరు గీమని మోగింది.

ఆపరేటరు భోరుమన్నాడు. "ఇదుంటే బతికేవాడమ్మా! ఇదుంటే ఆయన బతికేవాడు!"

నసమ్మ అతని భుజం తట్టింది. తిరిగి చూసేసరికి ఇన్‌స్పెక్టరు అమ్మాయి ముందు నిలబడి ఉన్నాడు. ముఖంలో ఇందాకటి విసుగు పోయి ఇంకేదో వచ్చింది.

"వదినా, నువ్వన్నది నిజమే. ఇది పొరపాటు కాదు. ఎవరో కావాలని చిప్పు మార్చారు. ఇది హత్య." ఆయన అమ్మాయి మీద నుంచి చూపు తిప్పలేదు. "ఈ ప్రోగ్రాం మార్చడం వచ్చినవాళ్ళు ఇద్దరే. మాస్టారు, ఈ అమ్మాయి. పరీక్షలో మంచి చిప్పు చూపించి, తర్వాత చెడ్డది పెట్టడం ఈవిడకి ఎంతసేపు? ఇందాకటి దాకా రెండేళ్ళ శిక్ష పడే కేసు. ఇప్పుడు యావజ్జీవం."

కాపాడదామని వచ్చి పిల్లని ఇంకా లోతుకి తోసేసింది నసమ్మ.

"ఆ కాగితం ఇలా ఇవ్వు," అంది. "షాపు కాపీ."

"నీకేం అర్థమవుతుంది?"

"అర్థం కాకపోతే అడుగుతాను. అడగడానికి సిగ్గెందుకు?"

ఆమెకి అర్థమైనవి అంకెలే. పైనుంచి కిందికి వేలు పెట్టి చదివింది. గది పక్కన నాలుగు. దాని కింద ఒకటి. ఆ తర్వాత చలికి ఆరు, వాల్వుకి ఒకటి, తలుపుకి ఒకటి, ఫ్యానుకి రెండు. అన్నీ కలిపితే పదిహేను. స్విచ్చు ఊసే లేదు. అంటే చెడ్డ చిప్పు ఈ కాపీ నుంచే వచ్చింది, పెన్‌డ్రైవులో ఉన్నదాని నుంచి కాదు. ఆమె వేలు రెండో వరస దగ్గర ఆగిపోయింది.

"అమ్మాయ్, అన్నిటికీ పేరుంది. ఈ ఒకటికి లేదేం?"

అమ్మాయి వంగి చూసింది. చూస్తూనే ఉండిపోయింది.

"అది... ఖాళీ బిట్టండీ. పేరు పెట్టకుండా చోటు మాత్రం వదిలేస్తాం. మిగతావి పక్కకి జరిగిపోకుండా."

"ఐదులోంచి ఒకటి లాక్కుని, ఆ చోటు అలాగే వదిలేశారన్నమాట. పేరు పెట్టకుండా చోటు వదలడం నీ అలవాటా?"

అమ్మాయి ఆ వరస మీద వేలు పెట్టింది.

"ఒక్క బిట్టు మిగిలితే ఊరుకోలేక స్విచ్చుకిచ్చిన దానివి. ఇలా ఊరికే పారేస్తావా? ఎవరి అలవాటమ్మా ఇది?"

అమ్మాయి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఆ చూపు నసమ్మకి తెలుసు. తెలిసినవాళ్ళ చేతిరాత పోల్చుకున్న మనిషి చూపు అది. నసమ్మ ఇంకో మాట అనేలోపే ఆ పిల్ల ఇన్‌స్పెక్టరుకేసి తిరిగింది.

"నేనే సార్. నాలుగు నేనే పెట్టాను. నన్ను తీసుకెళ్ళండి."

"ఏంటే నువ్వనేది!" అంది నసమ్మ.

"నేనే చేశానండీ. ఇంకెవరికీ సంబంధం లేదు."

అదే సమయానికి గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. మాస్టారు. చేతిలో లాయరు రాసిచ్చిన కాగితాలు, ముఖాన కన్నతండ్రికుండే దిగులు. చివరి మాట విననే విన్నాడు.

"ఒప్పుకుందా? పోనీలేమ్మా, మంచిపని చేశావు." దగ్గరికొచ్చి అమ్మాయి తల మీద చెయ్యి వేశాడు. "పొరపాటు మనిషన్నవాడికి సహజం. ఐదు రాయబోయి నాలుగు రాశావు. ఇన్‌స్పెక్టరు గారు అర్థం చేసుకుంటారు."

నసమ్మ ఆయన్ని పట్టించుకోలేదు. అమ్మాయినే అడిగింది.

"సరే, నాలుగు నువ్వే పెట్టావు. మరి స్విచ్చు ఎందుకు తీసేశావు?"

అమ్మాయి మాస్టారుకేసి చూసింది.

"అంత ముచ్చటపడి పెట్టావుగా. ఎందుకు తీసేశావు?"

"అది... నేను..."

"పిల్లని ఎందుకమ్మా అలా నస పెడతారు?" మాస్టారు అడ్డొచ్చాడు. "ఏ స్విచ్చు? ఆ ప్రోగ్రాంలో స్విచ్చేమీ లేదు. ఉన్నవి ఐదే సంగతులు, ప్రతి బిట్టూ నాకు తెలుసు."

ఆపరేటరు ఆయన్నే నోరెళ్ళబెట్టి చూశాడు. కానిస్టేబుల్ చూశాడు. ఇన్‌స్పెక్టరు మెల్లగా రెండడుగులు వేసి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ఈ అమ్మాయి పెట్టిన చిప్పులో స్విచ్చుంది మాస్టారూ," అంది నసమ్మ. "ఇక్కడ పనిచేసే ప్రతివాడికీ అది తెలుసు. తెలియంది గోడకి చెడ్డ చిప్పు పెట్టినవాడికే. పిల్లని రెండు రోజులు ఇంట్లో కూర్చోబెట్టింది ఆ చిప్పు మార్చడానికే కదూ? సూపర్‌వైజరు వచ్చేవారం సాక్ష్యం చెప్పాల్సింది ఎవరి మీద? ఈ గోదాముకి మోగని గ్యాసు అలారాలు అమ్మింది మీరే కదూ? ఇంకెక్కడెక్కడ అమ్మారు?"

మాస్టారు నవ్వబోయాడు. "ఏదో ఊహిస్తున్నారు మీరు. చెప్పమ్మా, నువ్వే చెప్పు. ఒప్పుకున్నావుగా."

అమ్మాయి ఆయన చేతిని తన తల మీద నుంచి తీసేసింది. విదిలించలేదు, మెల్లగా తీసి కిందికి దించింది.

"మీకు చెబుదామనే వచ్చాను ఆ రోజు. ఒక్క బిట్టు కూడా వృథా చేయలేదని చూసి సంతోషిస్తారనుకున్నా. మీరు ఇంటికి పంపేశారు." ఆమె చూపు రెండో గది వైపు మళ్ళింది. "ఆయన లోపలికెళ్ళి అది నొక్కుకున్నారు మాస్టారూ. నన్ను నమ్మి నొక్కుకున్నారు. మీ కోసం జైలుకి వెళ్ళగలను. ఆయన్ని నేను మోసం చేశానని మాత్రం ఒప్పుకోలేను."

ఆమె ఇన్‌స్పెక్టరుతో అంది, "సార్, అబద్ధం చెప్పాను. ఆ చిప్పు నాది కాదు. ఆ ఖాళీ బిట్టు మాస్టారు వదిలింది. అలా వదలొద్దని ఆయనతో ఎన్నోసార్లు పోట్లాడాను."

మాస్టారు చేతిలో కాగితాలు నలిగిపోతున్నాయి. ఇన్‌స్పెక్టరు కానిస్టేబుల్‌కి సైగ చేశాడు. హమ్మయ్య అనుకుంది నసమ్మ. పిల్ల గట్టెక్కింది. మూడు రోజుల తర్వాత ఈ పూట దానికి అన్నం సయిస్తుంది.

పిల్ల మాత్రం కాగితం వైపే చూస్తోంది. ఉన్నట్టుండి దాన్ని నసమ్మ చేతిలోంచి లాక్కుంది.

"మాస్టారూ, ఇది షాపు కంప్యూటర్లో ఉంచారా? అసలు ఫోల్డర్లోనే?"

ఆయన అవునన్నట్టు తలూపాడు.

"చిప్పులన్నీ అందులోంచే చేస్తారు సార్!" అరిచింది ఆ అమ్మాయి. "ఎవరు ఆర్డరిచ్చినా, ఎవరు చేసినా, ఆ ఫోల్డర్లోంచే! వీళ్ళదే ఇంకో గోదాముంది కదా, అక్కడికి చిప్పులు ఎప్పుడు పంపారు మాస్టారూ?"

"నిన్న," అన్నాడాయన. ఇంతసేపట్లో మొదటిసారి ఆయన గొంతులో నిజమైన భయం వినిపించింది. "నేను చూడలేదు. కుర్రాళ్ళు పంపేశారు."

"అక్కడ గదులెన్ని?" అంది నసమ్మ.

"ఇరవై నాలుగు."

ఇన్‌స్పెక్టరు అప్పటికే ఫోను తీశాడు. ఆపరేటరు నంబరు చెప్పాడు. మోగింది, మోగింది, చాలాసేపు మోగింది. అవతల ఎవరో తీరిగ్గా ఎత్తారు. ఇన్‌స్పెక్టరు స్పీకరు నొక్కాడు.

"పోలీసులం. గ్యాసు ఏమైనా వదిలారా ఇప్పుడు?"

"వదిలాం సార్. పదిహేడో గదికి. కొత్త చిప్పు పెట్టాక ఇదే మొదటిది. కాసేపయింది."

అమ్మాయి ఫోను మీదికి వంగిపోయింది. "ఒకటో గదిలో ఎవరున్నారు?"

"ఒకటిలోనా? ఎవరూ లేరమ్మా, ఖాళీయే. తలుపు రబ్బరు మార్చారని మా తమ్ముడు చూడ్డానికెళ్ళాడు, అంతే."